జోలపాటకు కూలెంత?

తెలుగులో జోలపాట మీద రాసిన వ్యాసం ఏది తీసినా మొదటి పేరాలో అమ్మ ఉంటుంది. రెండో పేరాలో అమృతం ఉంటుంది. మూడో పేరాకల్లా అమ్మ మనిషి కాకుండా పోతుంది. ఒడి అవుతుంది, గుడి అవుతుంది, తొలి గురువు అవుతుంది. ఆమెకు నిద్ర రాదు, నడుము నొప్పి ఉండదు, తెల్లారి కూలికి పోవాల్సిన అవసరం అసలే ఉండదు. ఇంత పూజ అయ్యాక ఆవిడ ఏం పాడింది, ఎందుకు పాడింది, అసలు పాడింది ఆవిడేనా అని అడగడానికి చోటే మిగలదు.

నేను ఆ ప్రశ్నలే అడగదలచుకున్నాను. నా డాక్టరేట్ కోసం నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో జోలపాటలు, లాలిపాటలు సేకరించాను. ఆ పని నాకు నేర్పిన విషయం ఒకటే. జోలపాట శ్రమగీతం. రోకటిపాట, తిరగలిపాట, నాటుపాట, కలుపుపాట ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలో ఉండాల్సిన పాట. కానీ మన జానపద సాహిత్య గ్రంథాలు శ్రమగీతాలకు ఒక అధ్యాయం ఇచ్చి, జోలపాటను తీసుకుపోయి 'పిల్లల పాటలు' అనో 'కుటుంబ గీతాలు' అనో వేరే గదిలో పెట్టాయి. వడ్లు దంచితే శ్రమ అట, బిడ్డను ఊపితే మమకారమట! ఈ విభజన ఎవరు చేశారు? దీనివల్ల ఎవరికి లాభం?

నా పరిశోధన రోజుల్లో ఒక సదస్సులో ఈ మాట అంటే వేదిక మీదున్న పెద్దాయన ఒకరు నవ్వి, "తల్లి ప్రేమకు కూడా కూలి కట్టమంటావామ్మా" అన్నారు. సభ కూడా నవ్వింది. ఆ ప్రశ్నను నేను వెటకారంగా తీసుకోదలచుకోలేదు. నిజంగానే లెక్క కడదాం.

ముందు సైన్సు సంగతి. ఈ మధ్య జోలపాటను కీర్తించేవాళ్లకు కొత్త సాక్షులు దొరికారు. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, మానవశాస్త్ర రికార్డుల్లో వెతికిన 315 సమాజాల్లో సంగీతం లేని సమాజం కనిపించలేదని చెప్పింది. 86 సమాజాల నుంచి తీసుకున్న 118 పాటలు వినిపిస్తే, భాష ఏమాత్రం తెలియని శ్రోతలు కూడా ఇది జోలపాట అని గుర్తుపట్టగలిగారు. ప్రేమపాటను గుర్తుపట్టడానికి మాత్రం తడబడ్డారు. 2021లో మరో అధ్యయనం, అమెరికాలోని పసిపిల్లలు తామెన్నడూ వినని పరాయి భాషల జోల విని కుదుటపడ్డారని చూపించింది. 2022లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్'లో వచ్చిన ఇంకో అధ్యయనం 21 సమాజాల్లో 410 మంది దగ్గర 1615 రికార్డింగులు చేసి, పసివాళ్లతో మాట్లాడే గొంతూ పాడే గొంతూ పెద్దవాళ్ల కోసం వాడే గొంతుకు భిన్నంగా ఉంటాయని తేల్చింది.

ఈ లెక్కలతో నాకు పేచీ లేదు. పసిబిడ్డ చెవి ఎక్కడైనా పసిబిడ్డ చెవే. మెల్లగా, ఒకే తూగుతో, ఎత్తుపల్లాలు తక్కువగా పాడితే ఎక్కడి బిడ్డయినా నెమ్మదిస్తుంది. నా పేచీ ఈ లెక్కల మీద మనవాళ్లు కట్టే మేడతో. 'ప్రపంచమంతటా జోల ఒక్కటే' అన్న మాట చూస్తుండగానే 'ప్రపంచమంతటా అమ్మ మనసు ఒక్కటే' అయిపోతుంది. అక్కణ్నుంచి 'పిల్లల్ని పెంచడం ఆడదాని ప్రకృతి' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ అధ్యయనాలు కొలిచింది రాగాన్నీ, తూగునీ, గొంతునీ. ఊపే చేతిని అవి కొలవలేదు. ఆ చెయ్యి ఎవరిదో, ఎన్ని గంటల పని చేసి వచ్చిందో చెప్పమని వాటిని అడగడం కూడా న్యాయం కాదు.

పైగా విశ్వజనీనం అన్న మాట కూడా అంత గట్టిగా నిలబడలేదు. పరాగ్వేలోని ఉత్తర ఆచే జనంలో పసిపిల్లలకు పాట పాడే అలవాటే కనబడలేదని మాన్వీర్ సింగ్, కిమ్ హిల్ 2025లో ప్రకటించారు. దశాబ్దాల పరిశీలన తర్వాత అన్న మాట అది. ఆ అలవాటు ఒకప్పుడు ఉండి, తర్వాత పోయిందని వాళ్ల అంచనా. అక్కడ పిల్లలు ఏడిస్తే ముద్దుమాటలతో, నవ్వు మొహం పెట్టి ఊరడిస్తారట. మరి ఆచే తల్లులకు ప్రేమ లేదందామా? పాట పాడటం ప్రేమకు కొలత అయితే ఆ మాట అనక తప్పదు. అనలేమంటే, పాటనూ ప్రేమనూ ఒకే ముడి వేయడం మానుకోవాలి. పాట నేర్చుకుంటేనే వస్తుంది. నేర్పేవాళ్లుంటేనే మిగులుతుంది. పాటకు చరిత్ర ఉంది.

ఇక మన నేల మీదికి వద్దాం. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు కర్నూలు జిల్లాలో భాగం. కుందూ నది, కేసీ కాలువ, నల్లరేగడి. వరి, పత్తి, శనగ, మిరప. పొద్దున్నే ఊరి బయట నిలబడితే ఆటోల్లో కిక్కిరిసి కూలికిపోయే ఆడవాళ్లు కనబడతారు. వాళ్లలో చంటిబిడ్డల తల్లులు ఎంతమందో! ఆ బిడ్డలకు పొద్దంతా ఎవరు పాడతారు?

ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఊళ్లో ఏడాది నిండని బిడ్డ తల్లిని ఇదే అడిగాను. "పాట యాడ పాడ్తాం పాపా. పొద్దుగూకి ఇంటికొచ్చేటప్పటికి వాడు పండుకోనుంటాడు. పాడేదంతా మా అత్తే" అంది. అత్తను అడిగితే ఆవిడ ఇంకా తేటగా చెప్పింది: "ఊపేది చెయ్యి. నోరు ఊరికే యెందుకుండల్ల అని అదీ పాడ్తాది." శ్రమగీతానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ సిద్ధాంత గ్రంథంలోనూ చదవలేదు.

నేను కలిసిన చాలా ఇళ్లలో పగటి జోల తల్లిది కాదు. అవ్వది, జేజిది. వాళ్లు లేని ఇంట్లో అక్కది. అక్క అంటే ఎంత అక్క? ఏడేళ్లది, ఎనిమిదేళ్లది. చీర ఉయ్యాల పక్కన తనే ఉయ్యాలలో పట్టేంత పిల్ల. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్న ఒకామె చెప్పింది: "నాకు ఎనిమిదేండ్లప్పుడు మా తమ్మున్ని నా సంకనేసి మాయమ్మ చేనికి పాయ. వాడు నడిచేదాంక నేను బడి మొగం చూల్లేదు. వాడు నడిచినంక నేనూ క్రాసింగు పనికి పోతి."

క్రాసింగు అంటే తెలియని పాఠకుల కోసం. సంకర పత్తి విత్తనం తయారు కావాలంటే ప్రతి మొగ్గకూ చేత్తో పని చెయ్యాలి. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని మగ భాగాన్ని గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ఇలా నెలల తరబడి, రోజూ. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ఈ విత్తన సాగుకు పేరుమోసిన చోటు. 1990లలో, 2000ల మొదట్లో ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లల్ని సీజనంతా కట్టిపడేసిన తీరును దావులూరి వెంకటేశ్వర్లు ఆ రోజుల్లో చేసిన అధ్యయనాలు బయటపెట్టాయి. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని రైతులన్నారు. చిన్న వేళ్లకు కూలి తక్కువని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. ఆ ఆడపిల్లల బాల్యానికి రెండు ముక్కలు: తమ్ముణ్ని ఊపడం ఒకటి, పూలు గిల్లడం ఒకటి. రెండో ముక్కను బాలకార్మికం అన్నాం, నివేదికలు రాశాం, చాలావరకు ఆపగలిగాం కూడా. మొదటి ముక్కను మాత్రం ఇప్పటికీ 'అక్క ప్రేమ' అంటున్నాం.

జపాన్‌లో ఇలాంటి అక్కలకు ఒక పేరుంది. 'కొమొరి' అంటారు. పేద ఇళ్ల నుంచి కలిగినవాళ్ల బిడ్డల్ని ఎత్తుకోవడానికి పనికి కుదిరిన చిన్న ఆడపిల్లలు. కుమమొతో ప్రాంతంలోని ఇత్సుకి అనే ఊరి పేరుతో దేశమంతా తెలిసిన జోలపాట నిజానికి అలాంటి పనిపిల్ల తన దిక్కులేనితనాన్ని చెప్పుకున్న పాట. వీపు మీద ఏడుస్తున్న బిడ్డ యజమాని బిడ్డ. పాడుతున్నది కూడా ఒక బిడ్డే. స్పెయిన్ కవి లోర్కా 1928లో మాడ్రిడ్‌లో తన దేశపు జోలపాటల మీద ప్రసంగిస్తూ ఇదే తలుపు తట్టాడు. ఆ పాటల్లో ఇంత దిగులు ఎందుకుందని అడిగి, వాటిని పుట్టించింది పేదింటి ఆడవాళ్లనీ, ధనికుల బిడ్డలకు ఆ పాటలు అందింది దాదుల, పనిమనుషుల నోటి ద్వారానేననీ చెప్పాడు. ఒక మగ కవికి 1928లో కనబడిన వర్గం మన జానపద పరిశోధకులకు ఇంకా కనబడకపోవడం చిత్రమే!

మన ఊళ్లలో ఈ వర్గానికి కులం కూడా తోడవుతుంది. పెద్ద రైతుల ఇళ్లలో పిల్లల్ని ఆడించడానికి పోయిన మాదిగ, మాల, బోయ ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడారు. ఆ ఇంటి బిడ్డను ఊపుతూ 'దొర' అని పాడాలి. తన బిడ్డ గుడిసెలో ఎవరి చేతుల్లో ఉందో తెలియదు. ఒకే రాగం, ఒకే గొంతు, రెండు ఉయ్యాలలు. ఒక ఉయ్యాలకు నూకలో, పాత చీరో ముట్టేది. రెండోదానికి అదీ లేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక కూడా మనం 'తెలుగు స్త్రీల పాటలు' అని ఒక్క ముద్దగా మాట్లాడితే అది అమాయకత్వం కాదు, సౌకర్యం.

ఇంతకీ ఈ పాటల్లో ఏముంది? అచ్చయిన సంపుటాలు చూస్తే రాముడు, కృష్ణుడు, ముత్యాల తొట్టెల, బంగారు గొలుసులు. నేను విన్నవాటిలో అవి లేవని కాదు. అవి మొదటి రెండు చరణాలు. బిడ్డ కళ్లు మూతపడే వేళకు పాట మారుతుంది. తాగొచ్చిన మొగుడు వస్తాడు. పుట్టింటికి పంపని అత్త వస్తుంది. మేస్త్రీ పట్టుకున్న సగం రోజు కూలి వస్తుంది. ఎండిన బావి వస్తుంది. బిడ్డకు మాటల అర్థం తెలియదు. ఎవరికీ చెప్పదు. ఎదురు తిరగదు. ఆ ఇంట్లో ఆమె మాటకు అడ్డు రాని శ్రోత అదొక్కటే. రాగం బిడ్డది, మాటలు ఆమెవి.

ఒకామె పాడిన అలాంటి పాట నా దగ్గర ఉంది. ఇక్కడ ఒక్క ముక్క కూడా ఎత్తి రాయను. "రాయద్దు పాపా, నా కొడుకు చదువుతాడు" అంది. ఏ కొడుకును పండబెట్టడానికి ఆ పాట పుట్టిందో, ఆ కొడుకే ఇప్పుడు దాన్ని చదవకూడదు! ఇట్లాంటి పాటలు సంపుటాలకు ఎందుకు ఎక్కలేదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన మగ సేకర్త పాట పాడమ్మా అంటే ఆవిడ పాడేది మొదటి రెండు చరణాలే. ఆయనకు అవి చాలు. మిగతాది పాట కాదు, సణుగుడు.

సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి బాబిలోనియా మట్టిపలక మీద ఒక జోల ఉంది. అది బిడ్డను బతిమాలదు. నీ ఏడుపుకు ఇంటి దేవుడికి నిద్ర చెడిందని బెదిరిస్తుంది. అలసిన మనిషి పాట అది. జోలపాటలో కోపం, భయం, విసుగు కొత్తగా స్త్రీవాదులు చొప్పించినవి కావు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంతో దూరం లేదు. అన్నమయ్య అక్కడ శఠకోప యతి దగ్గర వేదాంతం నేర్చుకున్నాడని ఆయన మనవడు చినతిరువేంగళనాథుడు రాసిన చరిత్ర చెబుతుంది. అన్నమయ్య జోల, లాలి, ఉయ్యాల, సువ్వి పాటల వరసల్లో పదాలు కట్టాడు. ఆ వరసలు ఆయనకు ఆకాశం నుంచి పడలేదు. ఉయ్యాల ఊపిన చేతుల నుంచి, సువ్వి అంటూ రోకలి ఎత్తిన చేతుల నుంచి వచ్చాయి. పదిహేనో శతాబ్దపు ఆడవాళ్ల దగ్గర తీసుకున్న బాణీలు దేవుడి పేరు మీద రాగిరేకులకెక్కాయి. మంచిదే, మిగిలాయి. కానీ ఆ ఇంట్లోనే ఒక కవయిత్రి ఉంది. తాళ్లపాక తిమ్మక్క, 'సుభద్రా కల్యాణం' రాసిన మనిషి, తొలి తెలుగు కవయిత్రిగా మనం చెప్పుకునే మనిషి, అన్నమయ్య భార్య. అన్నమయ్య వెంకటేశ్వరుడికి పాడిన జోల మనకు తెలుసు. తిమ్మక్క తన పిల్లలకు ఏం పాడిందో ఏ రేకూ చెప్పదు.

దేవుణ్ని ఊపే జోలలో ఇంకో సంగతి ఉంది. ఊగేది ఎప్పుడూ మగబిడ్డే. మార్కండేయ పురాణంలో మదాలస కథ చూడండి. మారన దాన్ని తెలుగు చేశాడు. మదాలస ఉయ్యాలలోని కొడుకులకు ఆత్మజ్ఞానం జోలగా పాడితే ముగ్గురూ విరాగులైపోయారు. నాలుగోవాడు పుట్టగానే భర్త వచ్చి, వీణ్నయినా రాజ్యానికి పనికొచ్చేలా పెంచమన్నాడు. ఆమె పాట మార్చింది. తల్లి పాటకు ఎంత శక్తి ఉందో చెప్పడానికి పండితులు ఈ కథ చెబుతారు. ఆ పాట ఏమై ఉండాలో నిర్ణయించింది ఎవరో మాత్రం చెప్పరు. మదాలసకు కూతురు లేదు. ఉంటే ఆ పిల్లకు ఏం పాడి ఉండేదన్న ప్రశ్నకు పురాణంలో చోటు లేదు.

ఇదంతా పాత గోల అనుకుంటే లెక్కలు చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011కి 939 మంది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చాక జరిగిన తగ్గుదల ఇది. ఉయ్యాల దాకా రాని ఆడపిల్లకు ఏ జోల పాడతాం? అయితే ఒక మంచి మాట కూడా చెప్పాలి. నంద్యాలలో ఒక అవ్వ తన మనవరాలికి పాడుతూ రాముడి పేరున్న చోటల్లా ఆ పిల్ల పేరు పెట్టి పాడింది. రాగం ఎక్కడా తెగలేదు. "రామునికేం, ఆయప్పకు శానామంది పాడినారు" అంది. ఈ మార్పుకు ఏ పండితుడి అనుమతీ అడగలేదు.

నంద్యాల గురించి మాట్లాడుతూ తెలుగు పాటలతో ఆపేస్తే అది సగం నంద్యాలే. ఆ ఊళ్లో ఉర్దూ లోరీలు వినబడతాయి. పేరులోనే దూది ఉన్న దూదేకుల వాళ్ల ఇళ్లలో తెలుగు జోలలో అల్లా, పీర్లసామి కలిసి వస్తారు. బీజాపూర్ ప్రాంతపు సూఫీలు తిరగలి తిప్పే ఆడవాళ్ల కోసం 'చక్కీనామా'లు, రాట్నం వడికేవాళ్ల కోసం 'చర్ఖానామా'లు, ఉయ్యాల ఊపేవాళ్ల కోసం 'లోరీనామా'లు దక్కనీలో కట్టారని రిచర్డ్ ఈటన్ 1970లలోనే వివరంగా రాశాడు. గమనించండి. తిరగలి, రాట్నం, ఉయ్యాల. మూడింటినీ ఆ సూఫీలు ఒకే వరసలో పెట్టారు. మూడూ ఆడవాళ్ల చేతి పనులని వాళ్లకు తెలుసు. మతం చెప్పడానికి వచ్చినవాళ్లకు తెలిసిన సంగతి సాహిత్యం చెప్పేవాళ్లకు తెలియకపోతే ఎలా? అయినా 'తెలుగు జోలపాటలు' అన్న అట్టలోపల ముస్లిం తల్లి గొంతు వినబడడం అరుదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. 'అంతా చాకిరీయేనా? ఆ పాటల్లో ప్రేమ లేదా?' ఉంది. ఎందుకు లేదు! పొలంలో మొక్కను ప్రేమించని రైతు ఉంటాడా? ప్రేమిస్తాడు కాబట్టి గిట్టుబాటు ధర అడగొద్దని రైతుకు చెబుతామా? మగ్గం మీద చీరను ప్రేమించే నేతగాడికి మజూరీ వద్దంటామా? ప్రేమ ఉన్న పనికి కూలి ఉండదన్న సూత్రం ఒక్క ఆడవాళ్ల పనికే ఎందుకు వర్తిస్తుంది? ఇంటి చాకిరీకి వేతనం కావాలని 1972లో యూరప్‌లో ఉద్యమం మొదలుపెట్టిన స్త్రీలు అడిగింది ఇదే. మన దగ్గర 1990లో 'గురిచూసి పాడేపాట', 1993లో 'నీలిమేఘాలు' సంకలనాల కాలంలో కవయిత్రులు మాతృత్వాన్ని పటం కట్టిన గోడ మీంచి కిందికి దించారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' తర్వాత పురిటినొప్పిని పుష్పవృష్టిగా రాయడం కొంచెం కష్టమైంది. కానుపు గది దాకా వెళ్లిన మన విమర్శ ఆ పక్కనే ఉన్న ఉయ్యాల దగ్గర ఎందుకో ఆగిపోయింది.

రెండో ఆక్షేపణ ఇంకా పాపులర్. 'ఈ కాలం తల్లులు ఫోను చేతికిచ్చి పిల్లల్ని పండబెడుతున్నారు, జోల చచ్చిపోయింది.' సభల్లో ఈ మాటకు చప్పట్లు గ్యారంటీ. చప్పట్లు కొట్టేవాళ్లలో ఎంతమంది తండ్రులు తమ బిడ్డకు ఒక్క రాత్రయినా పాడారు? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడితే మగవాళ్లు 88 నిమిషాలు పెట్టారు. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవాళ్లలో ఆడవాళ్లు 137 నిమిషాలు, మగవాళ్లు 75. కూలికి పోయొచ్చి, వండి, వార్చి, మళ్లీ ఊపాల్సిన చెయ్యి ఒక పూట ఫోను అందుకుంటే అది సంస్కృతి పతనం. జీవితంలో ఉయ్యాల తాడు పట్టుకోని మగవాడిది మాత్రం సంస్కృతి పరిరక్షణ! జోల చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లు ముందు ఒక జోల నేర్చుకోండి. రాగం కష్టమేమీ కాదు. ఎనిమిదేళ్ల పిల్లకు వచ్చింది.

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన కూలి లెక్క. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. అది ఉద్యోగం ఉన్నవాళ్లకు. పత్తి చేలో కూలికి పోయే తల్లికి 2013 ఆహార భద్రత చట్టం 6000 రూపాయలకు తగ్గకుండా ఇమ్మంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5000 అంది. మిగతాది ఆస్పత్రి కాన్పు ప్రోత్సాహకంతో కలిపి సరిపెట్టుకోమంది. పేరులో వందనం పెట్టి లెక్కలో కోత పెట్టారు. మన రాష్ట్రంలో పిల్లల్ని బడికి పంపే తల్లికిచ్చే డబ్బుకు కూడా 'తల్లికి వందనం' అనే పేరు. ఎటు చూసినా వందనాలే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి కూలి ఇవ్వాలని రాసింది. ఎంత మంచి మాట! బిడ్డను ఊపడం పని అని, దానికి కూలి ఉంటుందని ఈ దేశపు చట్టం ఒప్పుకున్న చోటు అది. నాతో మాట్లాడిన ఆడవాళ్లలో అలాంటి మనిషిని పనిచోట చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

అంగన్‌వాడీ సంగతి చెప్పనక్కర్లేదు. ఊరి పిల్లలందరినీ చూసుకునే ఆ ఆడవాళ్లకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2023 డిసెంబర్ 12 నుంచి రాష్ట్రమంతటా వాళ్లు సమ్మె చేశారు. నలభై రోజులు దాటింది. అప్పటి ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. చూశారా విడ్డూరం! జీతం అడిగినప్పుడు అది స్వచ్ఛంద సేవ. పని ఆపినప్పుడు అత్యవసర సేవ. ఇంట్లో అమ్మ స్థితికి ఇంతకంటే అచ్చమైన నకలు ఉంటుందా? పాడినంతసేపూ అది ప్రేమ, ఎవరి కంటికీ ఆనదు. పాడటం ఆపిన రోజున ఇల్లంతా లేచి ఆమె మీద పడుతుంది.

ఆళ్లగడ్డ శిల్పులకు రాతిలో ఏ బొమ్మనైనా చెక్కగల పేరుంది. బిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మనూ చెక్కగలరు. రాతి తల్లికి నడుము నొప్పి రాదు, ఆటోకు టైమవ్వదు. మన సాహిత్య వ్యాసాలు చేస్తున్నదీ ఆ పనే, అంత పనితనం లేకుండా.

కాబట్టి పరిశోధకులకు నా విజ్ఞప్తి కాదు, డిమాండు. ఇకమీద జోలపాట సేకరించేటప్పుడు పాటతో పాటు నాలుగు సంగతులు రాయండి. పాడింది ఎవరు, ఊగే బిడ్డకు ఏమవుతుంది? ఆమె కులమేమిటి, పనేమిటి? ఆ వేళకు బిడ్డ తల్లి ఎక్కడుంది? ఆ వేళకు బిడ్డ తండ్రి ఎక్కడున్నాడు? ఆమె ఒప్పుకుంటే పేరు వెయ్యండి. 'జానపదులు' అని గంపగుత్తగా రాయొద్దు. వద్దంటే పాటే వెయ్యొద్దు. తర్వాత ఆ పాటను తీసుకొచ్చి రోకటిపాట పక్కన, నాటుపాట పక్కన పెట్టండి. పాఠ్యపుస్తకం రాసేవాళ్లయితే శ్రమగీతాల పాఠంలో చేర్చండి. అధ్యాయం మారితే ఏమొస్తుందని అడగొచ్చు. పని అని పేరు పెట్టని దానికి చట్టం రాదు, కూలి రాదు, సెలవు రాదు, పంచుకునే మనిషి రాడు. మొదట పేరు మారాలి.

మిగిలినదంతా అడిగి తెచ్చుకోవాల్సిందే. కూలిపని నడిచే ప్రతి ఊళ్లోనూ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉండే శిశు కేంద్రం కావాలి. అందులో పనిచేసేవాళ్లకు కనీస వేతనం కావాలి. చేలో పనిచేసే తల్లికి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా కూలి పోకుండా సెలవు కావాలి. ఎనిమిదేళ్ల అక్క బడిలో ఉండాలి. ఇవన్నీ వచ్చిన రోజు కూడా ఆడవాళ్లు పాడతారు. అప్పుడు పాడితే, పాడాలనిపించి పాడతారు. ఆ రోజు కావాలంటే అమృతం గురించి రాసుకుందాం.